పాత కారు వెనక చక్రాల బేరింగులు: గ్రీజా, గేర్ ఆయిలా, సీల్డ్ బేరింగా?

పాత కారు వెనక డ్రమ్ము ఒకసారి విప్పితే చాలు, ఈ ప్రశ్న ఎదురొస్తుంది. బేరింగుకి కొత్త గ్రీజు దట్టించాలా? డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) నుంచి వచ్చే గేర్ ఆయిల్‌కే వదిలేయాలా? లేదంటే రెండు పక్కలా మూతలున్న సీల్డ్ బేరింగు ఎక్కించి, ఏళ్ల తరబడి మళ్లీ అటు చూడకుండా ఉండొచ్చా? నలుగురు మెకానిక్కుల్ని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. వాటిలో చాలావరకు నిజమే, కాకపోతే వాళ్ల చేతుల్లో నలిగిన యాక్సిల్ వరకే నిజం. మీ కారు కింద ఉన్నది ఇంకో రకమైతే అదే సలహా బ్రేకుల్ని ముంచుతుంది, లేదా బేరింగుని ఎండబెడుతుంది.

అందుకే గ్రీజు డబ్బా మీద రాతలు చదివే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. డిఫరెన్షియల్‌లో ఉన్న ఆయిల్ మీ బేరింగుని చేరుతుందా, చేరదా? ఈ ఒక్కటి తెలిస్తే ఎంపికలో ముప్పావు వంతు అయిపోయినట్టే.

ఆయిల్ నడిచే దారిని వెతకండి

వెనక యాక్సిల్ గొట్టం లోపల క్రౌన్ వీల్, అంటే డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, తిరుగుతుంటే ఆయిల్ చిమ్ముతుంది. కొంత గొట్టాల వెంట రెండు వైపులకీ పాకుతుంది, మలుపుల్లో ఇంకాస్త దూరం వెళ్తుంది. అలా వెళ్లే ఆయిల్‌కి ముందు తగిలేది సీలా (ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు), బేరింగా అన్నది చూడాలి. ముందు సీల్ ఉంటే ఆయిల్ అక్కడే ఆగిపోతుంది, దాని అవతలి బేరింగు గ్రీజు మీద బతకాలి. ముందు బేరింగు వచ్చి, ఆ తర్వాత సీల్ ఉంటే ఆ బేరింగు ఆయిల్‌తో తడిసేలా తయారుచేసినదని అర్థం.

‘లోపలి వైపు సీల్ ఉంటే గ్రీజు, బయటి వైపు ఉంటే ఆయిల్’ అని తేలిగ్గా చెప్పేస్తుంటారు. ఆ లెక్క చాలా కార్లకు సరిపోతుంది కానీ అన్నిటికీ కాదు. బ్రిటిష్ కారు మోరిస్ మైనర్‌నే చూడండి. అందులో బేరింగు కూర్చునేది యాక్సిల్ గొట్టం చివర, బయటి వైపు. చక్రం బిగించే హబ్ ఆ బేరింగు మీద తిరుగుతుంది. ఆయిల్ గొట్టం కొస దాకా వచ్చి, యాక్సిల్ షాఫ్ట్ ఫ్లాంజ్ (షాఫ్ట్ చివరి పళ్లెం లాంటి అంచు) దగ్గర వెనక్కి తిరిగి, బేరింగు గుండా పోయి, బ్యాక్‌ప్లేట్ (బ్రేకులు బిగించి ఉన్న పలక) పక్కనున్న సీల్ దగ్గర ఆగుతుంది. అంటే సీల్ లోపలి వైపే ఉంది, అయినా అది ఆయిల్ హబ్బే. సీల్ ఎటు పక్క ఉందని కాకుండా, ఆయిల్ నడకలో ముందుందా వెనకుందా అని చూడమనేది ఇందుకే.

కారు పేరుని బట్టి కూడా నిర్ణయించలేం. ఫోక్స్‌వాగన్ బీటిల్ స్వింగ్ యాక్సిల్ (గొట్టాలు గేర్‌బాక్సు దగ్గరి కీలు మీద పైకీ కిందికీ ఊగే రకం) మోడళ్లలో వెనక బేరింగుకి గేర్‌బాక్సు ఆయిలే ఆధారం. 1960ల చివరి నుంచి కొన్ని బీటిల్స్‌కి వచ్చిన ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో అదే చోట బేరింగులు గ్రీజుతో పనిచేస్తాయి. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తీసుకుంటే, 1965లో వచ్చిన దాని పైకప్పున్న మోడల్ జీటీకి మొదటి నుంచీ ట్యూబ్ రకం యాక్సిల్ ఉంది. ఓపెన్ కారుకి మాత్రం 1967 దాకా పాత బాంజో రకం (మధ్యలో బాంజో వాద్యంలా గుండ్రంగా ఉండే) యాక్సిలే వేశారు. రెండింటి హబ్ కట్టుబడి వేరు, విడిభాగాలు వేరు. పైగా అరవై ఏళ్ల కారుకి మధ్యలో ఎవరో వేరే కారు యాక్సిల్ అమర్చి ఉండొచ్చు. వర్క్‌షాప్ మాన్యువల్‌లో భాగాలు విడదీసి చూపించే బొమ్మ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని మీ హబ్‌లో నిజంగా ఏముందో పోల్చి చూసుకోండి. ఈ పనికి మెకానిక్ మాటకన్నా ఆ బొమ్మ మీద ఎక్కువ ఆధారపడొచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాత బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ము తీశాక గాలి గొట్టంతో ఆ దుమ్ము ఊదొద్దు. తడిపి తుడవండి.

ఆయిల్ హబ్ అయితే

ఇలాంటి యాక్సిల్ ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే. దాన్ని ఆయిల్‌తోనే ఉంచండి. బేరింగుకి ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు లేదు. ఆయిల్ వేడిని మోసుకుపోతుంది, అరిగిన లోహపు పొడిని అక్కడ నిలవనివ్వదు, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చినప్పుడల్లా బేరింగుకీ కొత్త ఆయిల్ దొరుకుతుంది. హబ్ విప్పే పనే లేదు.

దీని మీద వచ్చే ఫిర్యాదు మాత్రం ఒక్కటే, కానీ పెద్దది. సీల్ లీకయితే ఆయిల్ నేరుగా బ్రేక్ షూల మీదికి చేరుతుంది. ఆయిల్ తాగిన లైనర్ మళ్లీ మామూలు కాదు. పెట్రోలుతో కడిగినా, కాల్చినా వేడెక్కగానే లోపలినుంచి మళ్లీ ఊరుతుంది. మార్చేయడమే దారి, అదీ రెండు చక్రాలకూ కలిపి.

ఆ భయంతోనే చాలామంది ఆయిల్ హబ్‌లో గ్రీజు దట్టిస్తారు. గ్రీజు అడ్డుపడి ఆయిల్ బయటికి రాకుండా ఆపుతుందని ఆశ. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. గ్రీజు అంటే సబ్బు లాంటి పదార్థంలో పట్టి ఉంచిన ఆయిలే. దాని మీదికి వేడి గేర్ ఆయిల్ వస్తూనే ఉంటే కొన్నాళ్లకు పలచబడి జారిపోతుంది. ఆ సబ్బంతా వెళ్లి డిఫరెన్షియల్ ఆయిల్‌లో కలుస్తుంది. ఈలోపు బేరింగుకి రావలసిన ఆయిల్ దారిని ఆ ముద్ద మూసేస్తుంది. లీకు కూడా ఆగదు, కొంచెం ఆలస్యంగా కనబడుతుందంతే. కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు మొదటి కిలోమీటర్లు ఎండిపోకుండా ఏదైనా రాయాలనుకుంటే, డిఫరెన్షియల్‌లో పోసే గేర్ ఆయిల్‌నే బాగా పట్టించండి.

లీకు నిజమైన కారణాలు వేరే చోట ఉంటాయి. మొదట చూడవలసింది బ్రీదర్. యాక్సిల్ హౌసింగ్ పైన చిన్న మూతలానో, బొడిపెలానో ఉంటుంది. మట్టి పట్టి అది మూసుకుపోతే, బండి నడిచి వేడెక్కినప్పుడు లోపలి గాలికి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీల్ దాటించి బయటికి తోస్తుంది. కొత్త సీల్ వేసిన నెలకే మళ్లీ లీకయిందంటే ముందు అటే చూడాలి. రెండోది ఆయిల్ మట్టం. ఫిల్లర్ రంధ్రం అంచు దాకానే పోయాలి, అది కూడా కారు సమతలంగా ఉన్నప్పుడు. వెనక భాగం జాకీల మీద ఎత్తి పోస్తే కొలత తప్పుతుంది.

మూడోది సీల్ లిప్ (దాని రబ్బరు అంచు) తిరిగే చోట షాఫ్ట్ మీదో హబ్ మీదో పడిన గాడి. గోరు పెడితే తగిలేంత గాడి ఉందంటే ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు దీనికోసమే ఉన్నాయి. ఎస్‌కేఎఫ్ వాళ్ల స్పీడీ-స్లీవ్ మందం దాదాపు 0.28 మిల్లీమీటర్లు, కాబట్టి అదే సైజు సీల్ మళ్లీ పనికొస్తుంది. సీల్ వేసేటప్పుడు స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ ఉన్న దిక్కుకి ఉండాలి.

మోరిస్ మైనర్ లాంటి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) హబ్‌లలో ఇంకో కిటుకుంది, ఇది చాలామంది దాటేస్తారు. బేరింగుని హబ్‌లోకి నొక్కాక దాని స్పేసర్ అంచు, పేపర్ గాస్కెట్‌తో సహా హబ్ ముఖం కన్నా కొద్దిగా ముందుకి పొడుచుకు రావాలి. కొలత 0.001 నుంచి 0.004 అంగుళం. యాక్సిల్ షాఫ్ట్ ఫ్లాంజ్ బిగించినప్పుడు ఆ కాస్త ఎత్తే బేరింగుని గట్టిగా పట్టి ఉంచుతుంది. గాస్కెట్ మరీ మందమైతే బేరింగు హబ్‌లో కదులుతుంది, కదిలితే తొలుచుకుపోతుంది. గాస్కెట్ లేకుండా బిగిస్తే ఆయిల్ కారుతుంది. ఇలాంటి హబ్‌లో లూబ్రికేషన్ గురించి ఎంత ఆలోచించినా ఈ కొలత తప్పితే ఫలితం లేదు.

ఇక ఏ ఆయిల్? హైపాయిడ్ (పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుసుకునే రకం) గేర్లున్న యాక్సిల్‌కి అధిక ఒత్తిడిని తట్టుకునే గేర్ ఆయిల్ తప్పనిసరి, డబ్బా మీద దాని గ్రేడు జీఎల్-4 లేదా జీఎల్-5. ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. లోపల కంచు, ఇత్తడి భాగాలు ఉన్న చోట, లేదా బీటిల్‌లో లాగా గేర్‌బాక్సుకీ డిఫరెన్షియల్‌కీ ఒకే ఆయిల్ ఉన్న చోట జీఎల్-4 వైపు మొగ్గడం క్షేమం. మందంలో మాన్యువల్ చెప్పిందే పోయండి, ఎక్కువ కార్లకు అది ఎస్‌ఏఈ 90 లేదా నేటి 80డబ్ల్యూ-90. ఈ అంకెని ఇంజిన్ ఆయిల్ అంకెలతో పోల్చుకోవద్దు, కొలబద్దలు వేరు. గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంజిన్ ఆయిల్ 40, 50ల దరిదాపుల్లోనే ఉంటుంది. లీకు ఆపడానికి 140 పోసేవాళ్లున్నారు. అరిగిపోయిన యాక్సిల్‌లో చప్పుడు కాస్త తగ్గొచ్చు, కారడం కాస్త నెమ్మదించొచ్చు. చలిలో మాత్రం అంత చిక్కటి ఆయిల్ గొట్టాల చివరిదాకా పాకడానికి ఆలస్యమవుతుంది, ఎదురుచూడాల్సింది మీ బేరింగే. సీల్ మార్చడానికి బద్ధకించి 140 పోయడం మంచి బేరం కాదు.

గ్రీజు హబ్ అయితే

ఇక్కడ అసలు ఎంపిక మొదలవుతుంది, ఎందుకంటే గ్రీజులన్నీ ఒకటి కావు. సిరీస్ ల్యాండ్ రోవర్‌లో లాగా పూర్తి ఫ్లోటింగ్ (బండి బరువు షాఫ్ట్ మీద పడని) హబ్‌లు, జాగ్వార్ ఈ-టైప్ వెనక హబ్‌లు, పైన చెప్పిన ఇండిపెండెంట్ సస్పెన్షన్ బీటిల్స్ ఈ కోవలోవి.

మొదట గట్టిదనం. గ్రీజుని ఎన్‌ఎల్‌జీఐ (అమెరికా గ్రీజు సంస్థ) అంకెలతో కొలుస్తారు. 25 డిగ్రీల దగ్గర ఒక లోహపు శంకువు గ్రీజులోకి ఎంత దిగుతుందన్నది ఆ పరీక్ష. 2వ నంబరు గ్రీజులో 265 నుంచి 295 దాకా దిగుతుంది, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన. 1వ నంబరు అంతకన్నా మెత్తన, 3వ నంబరు గట్టి. చక్రాల బేరింగుకి 2 సరైనది. 1 అయితే వేడికి సీల్ వైపు జారిపోతుంది. 3 అయితే రోలర్లు తోసేసిన చోటే గోడలా నిలబడి మళ్లీ వెనక్కి రాదు.

తర్వాత సబ్బు రకం. దీని మీదే ఎక్కువ ధ్యాస పెట్టాలి. కారు మాన్యువల్ రెండో ప్రపంచయుద్ధానికి ముందుదైతే అందులో ‘ఫైబర్ గ్రీజు’ అనో, ‘వీల్ బేరింగ్ గ్రీజు’ అని విడిగానో రాసి ఉంటుంది. అప్పట్లో వేడి తట్టుకోవడానికి సోడియం గ్రీజు, తడి తట్టుకోవడానికి కాల్షియం గ్రీజు వాడేవారు. సోడియం నీళ్లకు కరిగిపోయేది. మామూలు కాల్షియం నూరు డిగ్రీల లోపే కారిపోయేది. ఒకటి ఉన్న చోట రెండోది పెడితే ప్రమాదమే, అందుకే ఆ మాన్యువల్స్‌లో ఒక్కో చోటుకి ఒక్కో డబ్బా. 1942లో క్లారెన్స్ ఎర్ల్ లిథియం గ్రీజుకి పేటెంట్ పొందాక ఆ తంటా తీరింది. నీళ్లనూ, వేడినీ రెండింటినీ ఒకే గ్రీజు తట్టుకోవడం మొదలైంది. కాబట్టి పాత మాన్యువల్‌లో పేరు ఏదున్నా ఆ పాతకాలపు గ్రీజు కోసం వెతకనక్కర్లేదు. దానికన్నా మెరుగైనదే ఇప్పుడు దొరుకుతుంది.

మామూలు లిథియం గ్రీజు దాదాపు 180, 190 డిగ్రీల దగ్గర కారడం మొదలుపెడుతుంది. లిథియం కాంప్లెక్స్ 250 దాటినా నిలబడుతుంది. కారిపోయే ఉష్ణోగ్రత అంటే అంతదాకా వాడుకోవచ్చని కాదు, ఎప్పుడూ పని చేయాల్సింది దానికి చాలా కిందే. డ్రమ్ము బ్రేకులున్న కారు వెనక హబ్ మామూలు ప్రయాణాల్లో అంతగా కాలదు, లిథియం చాలు. అయినా ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ము వేడి హబ్‌లోకి పాకుతుంది. హబ్‌కి పట్టేది గుప్పెడు గ్రీజే కాబట్టి లిథియం కాంప్లెక్స్‌కే వెళ్లమంటాను. డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ ముద్రతో జీసీ-ఎల్‌బీ అని ఉంటే ఇంకేమీ వెతకొద్దు. అందులో జీసీ అన్నది చక్రాల బేరింగులకున్న అత్యున్నత తరగతి, ఎల్‌బీ ఛాసిస్ కీళ్లకు సంబంధించినది. ఒకే డబ్బా రెంటికీ సరిపోతుంది.

తరచూ నీళ్లలో దిగే బండికి, వానల్లో ఆరుబయట ఉండే కారుకి కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు ఇంకా మంచిది. నీటికి కొట్టుకుపోదు, తుప్పుని ఆపడంలో దానికి సాటి లేదు, వేడినీ బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువ. వాగులు దాటే ల్యాండ్ రోవర్‌కి ఆ ఖర్చు పెట్టొచ్చు, షెడ్డులో పొడిగా ఉండే కారుకి అవసరం లేదు.

నల్లటి మాలిబ్డినం గ్రీజు చూసి చాలామంది మోజుపడతారు. అది జారే భాగాలకు, అంటే స్ప్లైన్లకు, కీళ్లకు, సీవీ జాయింట్లకు మేలు. దొర్లే రోలర్లకు దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. గ్రాఫైట్ గ్రీజు బేరింగులో పెట్టనే కూడదు. స్ప్రే డబ్బాలో వచ్చే తెల్ల లిథియం తలుపు బందులకు సరిపోతుంది, చక్రాలకు కాదు.

కలపడం గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. హబ్‌లో ఇప్పటికే ఏ గ్రీజుందో మీకు తెలియదు, రంగుని బట్టి తెలుసుకోలేరు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ తయారీదారు కలిపిన రంగులే. లిథియం, లిథియం కాంప్లెక్స్ ఒకదానితో ఒకటి కలుస్తాయి. లిథియంలో పాలీయూరియా కలిస్తే, లేదా బెంటోనైట్ మట్టితో చేసిన గ్రీజు కలిస్తే ముద్ద విరిగి నీళ్లలా పలచబడొచ్చు, లేదా గట్టిపడొచ్చు. పలచబడితే సీల్ దాటి బ్రేకుల మీదికి, గట్టిపడితే బేరింగు ఎండుతుంది. కాబట్టి పాతదాని మీద కొత్తది పులమడం వద్దు. కిరోసిన్‌లో బేరింగునీ హబ్‌నీ పూర్తిగా కడిగి, ఆరబెట్టి మొదటి నుంచి పెట్టండి. ఆరబెట్టడానికి గాలి గొట్టం వాడినా బేరింగుని గిర్రున తిప్పనివ్వొద్దు. ఎండిన రోలర్లు గీసుకుపోవడమే కాదు, కేజ్ (రోలర్లను దూరదూరంగా పట్టి ఉంచే చట్రం) ఊడి ముక్కలు ఎగిరితే కళ్లకు ప్రమాదం. కడిగాక వెలుతురులో చూడండి. రేస్ (రోలర్లు దొర్లే రింగు) మీద తుప్పు గుంటలు, పెచ్చులు, నీలిరంగు తిరిగిన చోటు కనిపిస్తే ఆ బేరింగు జీవితం అయిపోయింది, ఏ గ్రీజూ దాన్ని బాగుచేయదు.

ఎంత పెట్టాలి? బేరింగు లోపల, అంటే రోలర్ల మధ్యన ఖాళీ లేకుండా నిండా పెట్టాలి. అరచేతిలో ముద్ద పెట్టుకుని, కేజ్ వెడల్పు వైపు నుంచి నొక్కుతూ, పై అంచులోంచి గ్రీజు పొడుచుకొచ్చేదాకా చుట్టూ తిప్పుతూ పోవాలి. హబ్ లోపలి ఖాళీలో మాత్రం మూడో వంతు నుంచి సగం దాకా చాలు. నిండా కూరితే బేరింగు దాన్ని పిండి వంటల్లో పిండిలా పిసుకుతూ వేడెక్కుతుంది, ఉబ్బిన గ్రీజు సీల్‌ని తోసుకుని డ్రమ్ములో పడుతుంది. ఎక్కువ పెట్టినవాళ్లకూ తక్కువ పెట్టినవాళ్లకూ చివరికి బేరింగు వేడెక్కడమే మిగులుతుంది.

గ్రీజు గన్‌తో పెట్టే హబ్‌లకి ఇది మరీ ముఖ్యం. ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లలో వెనక హబ్‌కి ఒక ప్లగ్ ఉంటుంది, దాన్ని తీసి నిపుల్ బిగించి గ్రీజు ఎక్కిస్తారు. ఈ-టైప్‌లో హబ్ క్యారియర్ మీద నొక్కుడు మూత ఉన్న రంధ్రం ఉంది. గన్ వాడితే లోపల ఒత్తిడి పెరగనివ్వొద్దని, సీల్ దాటి గ్రీజు పోతుందని జాగ్వార్ తన సూచనల్లోనే హెచ్చరించింది. గన్ పిడి బిగుసుకున్నట్టు అనిపించే ముందే ఆపండి. రంధ్రం చుట్టూ మట్టి తుడిచాకే మూత తీయండి. విప్పకుండా గ్రీజు పెట్టే ఈ సౌకర్యం మంచిదే, కానీ పాత గ్రీజు ఎక్కడికీ పోదు. ఎన్నోసార్లు గన్ కొట్టిన హబ్‌ని వీలు చూసుకుని ఒకసారి పూర్తిగా విప్పి కడగడం అవసరం.

టేపర్ రోలర్ (ఒక వైపు సన్నబడే రోలర్లున్న) బేరింగులైతే గ్రీజుతోపాటు ప్లే, అంటే బేరింగు కదిలే కాస్త ఖాళీ, కూడా సరిచూడాలి. షిమ్‌లతోనో (పల్చటి లోహపు రేకులు), నట్టుతోనో మాన్యువల్ చెప్పిన కొలతకి తేవాలి. జాగ్వార్ సాలిస్‌బరీ యాక్సిల్ లాంటి వాటిలో అది అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి డయల్ గేజ్ లేకుండా చేతి అంచనాతో తేల్చొద్దు. మరీ బిగిస్తే ఎంత మంచి గ్రీజైనా కాలిపోతుంది.

సీల్డ్ బేరింగు మార్గం

యాక్సిల్ షాఫ్ట్ మీద ప్రెస్‌తో ఎక్కించిన సీల్డ్ బేరింగు, దాని వెనక బిగుసుకున్న కాలర్ ఉన్న కార్లు చాలా ఉన్నాయి. వాటికి గ్రీజు పెట్టే పని లేదు, పెట్టే దారీ లేదు. చప్పుడొస్తే మార్చడమే. రబ్బరు మూతని సూదితో లేపి లోపల కొత్త గ్రీజు దూర్చే పద్ధతి ఒకటుంది. కదలకుండా పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న, ఇప్పుడు దొరకని సైజు కొత్త బేరింగుకి అది అర్థముంది, ఎందుకంటే లోపలి ఆయిల్ ఊరిపోయి సబ్బు గట్టిపడి ఉంటుంది. నడిచిన బేరింగుకి మాత్రం అలా చేయొద్దు. మూత మళ్లీ మునుపటిలా కూర్చోదు, లోపల అరుగుదల అలాగే ఉంటుంది.

ఎక్కువ వాదన నడిచేది ఇంకో ప్రశ్న మీద. ఆయిల్ హబ్‌లో తెరిచిన బేరింగు తీసేసి, అదే సైజు 2ఆర్‌ఎస్ (రెండు పక్కలా రబ్బరు మూతలున్న) సీల్డ్ బేరింగు వేస్తే ఎలా ఉంటుంది? సైజు దొరుకుతుంది, ధర తక్కువే, ఆయిల్‌కి అదనపు అడ్డు దొరుకుతుంది. సీల్డ్ బేరింగులో తయారీదారు నింపే గ్రీజు ఖాళీలో దాదాపు పావు నుంచి మూడో వంతు, పాత కారు వేగాలకు అది హాయిగా చాలు. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే కారుకి ఇది తప్పు నిర్ణయమని చెప్పను.

కానీ దీనివల్ల లాభం అనుకున్నంత ఉండదు. బేరింగు మీద ఉన్న పల్చటి రబ్బరు మూతలు దుమ్ము, చెమ్మ ఆపడానికి చేసినవి, వేడి ఆయిల్‌ని ఒత్తిడితో ఆపడానికి కాదు. బ్రీదర్ మూసుకుని ఉంటే ఆయిల్ ఆ మూతనీ దాటుతుంది, లోపలి గ్రీజుని పలచన చేస్తుంది. మోరిస్ మైనర్ తరహా హబ్‌లో ఇంకో చిక్కు ఉంది. బేరింగు ఆయిల్‌ని ఆపేస్తే వెనకున్న అసలు సీల్‌కి తడి అందదు, దాని లిప్ ఎండిపోయి త్వరగా అరుగుతుంది. సీల్డ్ బేరింగు వేయాలనే నిర్ణయించుకుంటే ఆ లిప్‌కి గ్రీజు రాయడం మరిచిపోకండి. తెరిచిన బేరింగు దొరకక సీల్డ్‌ది కొన్నవాళ్లకు మధ్యేమార్గం ఉంది. రెండు మూతలూ తీసేసి, లోపలి గ్రీజు కడిగేసి, ఆయిల్ దారి తెరిచి వేసుకోవచ్చు. అప్పుడది మామూలు బేరింగే. నేనైతే ఇదే చేస్తాను.

దేన్ని వేసినా బేరింగు నాణ్యత దగ్గర పొదుపు చేయొద్దు. సెమీ-ఫ్లోటింగ్ యాక్సిల్‌లో చక్రం బరువంతా షాఫ్ట్ మీద, దాని బేరింగు మీద ఉంటుంది. ఇలాంటి చాలా కార్లలో షాఫ్ట్‌ని హౌసింగ్‌లో పట్టి ఉంచేది కూడా ఆ బేరింగూ దాని కాలరే. అది వదిలేస్తే షాఫ్ట్‌తో సహా చక్రం బయటికి వచ్చేస్తుంది. నకిలీ పెట్టెల్లో పేరున్న కంపెనీల బేరింగులు అమ్మడం ప్రపంచమంతా ఉన్నదే, నమ్మకమైన చోటే కొనండి. పెట్టె మీద సీ3 అని ఉంటే లోపలి ఖాళీ మామూలు కన్నా కొద్దిగా ఎక్కువని అర్థం. మాన్యువల్ అడిగితేనే అది వేయండి. కాలర్‌ని ఎప్పుడూ కొత్తదే వాడాలి, ప్రెస్ లేకపోతే ఆ పనిని ప్రెస్ ఉన్న షాపుకి ఇవ్వాలి.

వాడకాన్ని బట్టి

యాక్సిల్ రకం తేలాక, మీరు కారుని ఎలా వాడతారన్నది మిగిలిన పావు వంతుని తేలుస్తుంది.

కారు ఎక్కువ కాలం కదలకుండా ఉండేదైతే ఆయిల్ హబ్‌ల మీద కన్నేసి ఉంచండి. నిలబడ్డ కారులో ఆయిల్ కిందికి జారి బేరింగు పై సగం పొడిబారుతుంది, చెమ్మ తగిలితే అక్కడే తుప్పు చుక్కలు పడతాయి. నెలకోసారి కారుని కొంత దూరం నడిపితే, ఇంజిన్ స్టార్ట్ చేసి నిలబెట్టడం కాకుండా నిజంగా నడిపితే, ఆయిల్ మళ్లీ బేరింగుకి చేరుతుంది. గ్రీజు హబ్ ఈ విషయంలో మెరుగు, పట్టి ఉండడం దాని గుణం. అయినా ఏళ్ల తరబడి కదలని గ్రీజులోంచి ఆయిల్ ఊరిపోతుంది. అలాంటి కారుని నడిచిన దూరాన్ని బట్టి కాకుండా గడిచిన కాలాన్ని బట్టి విప్పి చూడాలి.

దూరప్రయాణాలకు ఆయిల్ హబ్ రాజు. గ్రీజు హబ్ ఉన్నవాళ్లు లిథియం కాంప్లెక్స్ పెట్టి, మాన్యువల్ చెప్పిన గడువు దాటనివ్వకండి. నీళ్లలో దిగే బండికి కాల్షియం సల్ఫోనేట్ అని ముందే చెప్పాను. హబ్ మునిగేంత లోతు నీళ్లు దాటితే గ్రీజు ఏదైనా సరే విప్పి చూడండి, ఆయిల్ యాక్సిల్ అయితే డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేసి చూడండి. పాలలా తెల్లబడిన ఆయిల్ వస్తే నీళ్లు చేరినట్టే. ట్రైలర్ మీద ఎక్కువ దూరం మోసుకెళ్లే కార్లలో బేరింగు తిరగకుండానే అదురుతూ ఉంటుంది, రోలర్లు ఆనిన చోటల్లా రేస్ మీద సన్నటి గుర్తులు పడతాయి. దీనికి మంచి గ్రీజు కొంత సాయం చేస్తుంది, చక్రాలకు సరిగ్గా పట్టీలు కట్టడం అంతకన్నా ఎక్కువ సాయం చేస్తుంది.

బిగించాక మొదటి ప్రయాణం పదిహేను, ఇరవై కిలోమీటర్లు చాలు. తిరిగొచ్చే ముందు చివరి కొంత దూరం బ్రేక్ తక్కువగా వాడుతూ వచ్చి, ఆగగానే రెండు వెనక హబ్‌లను చేత్తో తాకి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టు. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగు బిగుసుకుందో, గ్రీజు ఎక్కువైందో, లేదా ఆ వైపు బ్రేక్ షూ పట్టేస్తోందో చూడాలి. చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే బ్రేక్ సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది. వారం తర్వాత బ్యాక్‌ప్లేట్ కింది అంచుని గుడ్డతో తుడవండి. గుడ్డకి చెమ్మ అంటితే వాసన చూడండి. ఘాటైన గంధకపు వాసనైతే గేర్ ఆయిల్, లీకు సీల్‌ది. జిగట తక్కువగా, నీళ్లలా జారుతూ ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్, చూడాల్సింది వీల్ సిలిండర్‌ని. చిక్కటి నల్లటి ముద్దైతే గ్రీజు, డ్రమ్ము మళ్లీ విప్పి ఎక్కువైనది తుడిచేయాలి.